పురిటి నొప్పీ, నవ్వించే వాయువూ, మన ఉపమానాలూ

ఆ మధ్య మా ఊళ్ళో ఒక కవితా సంపుటి ఆవిష్కరణ సభ జరిగింది. ప్రధాన ప్రసంగం నాది. "కవిత్వం రాయడం ప్రసవ వేదన వంటిది, ఈ కవి ఆ వేదనను నిజాయితీగా అనుభవించాడు" అన్నాను. చప్పట్లు మోగాయి. సభ ముగిశాక అందరం టీ తాగుతుంటే మా సాటి ఉపాధ్యాయుడి అక్కగారు నా దగ్గరికి వచ్చారు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఏ.ఎన్.ఎం.గా పనిచేసి రిటైరైన మనిషి. "మాష్టారూ, ఆ కవిగారు కనేటప్పుడు ఆయన్ని ఎవరైనా నోరు మూసుకోమన్నారా?" అని అడిగారు.

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

ఆ రాత్రి మా పెద్దమ్మాయి పుట్టిన రోజు గుర్తుకొచ్చింది. ఒక ప్రభుత్వాసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. తలుపు అవతలి నుంచి నా భార్య కేకలు, వాటిని మించి ఎవరిదో గదమాయింపు వినిపిస్తున్నాయి: "కాపురానికి వెళ్ళినప్పుడు తెలియలేదా? అరవకు!" కాసేపు విన్నాను. తర్వాత లేచి, ఆ కేకలు వినిపించనంత దూరానికి, రోడ్డవతల టీ కొట్టు దగ్గరికి వెళ్ళిపోయాను. కరుణ రసానికి లక్షణమూ లక్ష్యమూ చెప్పగలిగిన ఎం.ఏ. పట్టభద్రుణ్ణి. ఆ నొప్పిని తగ్గించే మార్గం ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అని ఆ రోజు అడగలేదు. ఆ తర్వాత పదిహేనేళ్ళ దాకా కూడా అడగలేదు.

ఆవిడ ప్రశ్న తర్వాతే చదవడం మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ ఒక వాయువు చరిత్ర దగ్గర ఆగిపోయాను. అది నైట్రస్ ఆక్సైడ్. మా బడి సైన్సు మాష్టారు పిల్లలకు "నవ్వించే వాయువు" అని ఒక్క ముక్కలో చెప్పి దాటవేసేది. అది నొప్పిని తగ్గించగలదన్న మాట 1800లోనే అచ్చయింది. కాన్పు నొప్పులు పడుతున్న స్త్రీ దగ్గరికి అది రావడానికి ఎనభై ఏళ్ళు పట్టింది. మంత్రసాని చేతికి అందడానికి మరో యాభై ఏళ్ళకు పైగా పట్టింది. మన ప్రభుత్వాసుపత్రుల లేబర్ రూముల్లో చాలావాటికి అది ఈనాటికీ చేరలేదు. ఈ ఆలస్యానికి విజ్ఞానశాస్త్రపు లోపం ఒక్కటే కారణం కాదు. ఎవరి నొప్పి లెక్కకు వస్తుంది అన్న ప్రశ్నకు సమాజం ఇచ్చుకున్న జవాబు అంతకంటే పెద్ద కారణం. ఆ జవాబును తయారుచేయడంలో సాహిత్యానికీ వాటా ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

*

1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఈ వాయువును కనిపెట్టాడు. కానీ అసలు కథ 1799లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మొదలవుతుంది. ఫ్రెంచి విప్లవాన్ని సమర్థించిన థామస్ బెడోస్ అనే వైద్యుడు, వాయువులతో రోగాలు నయం చేయవచ్చునన్న ఆశతో అక్కడ ఒక సంస్థ పెట్టాడు. ప్రయోగశాల చూసుకోవడానికి హంఫ్రీ డేవీ అనే కుర్రవాణ్ణి తెచ్చుకున్నాడు. అప్పటికి డేవీకి ఇరవై ఏళ్ళు. అతడు ఆ వాయువును పట్టు సంచిలో నింపి తాను పీల్చాడు, మిత్రులచేత పీల్పించాడు. ఆ మిత్రుల్లో కోల్‌రిడ్జ్, సదీ ఉన్నారు. మన భావకవులు గురుస్థానంలో పెట్టుకున్న ఇంగ్లీషు కాల్పనిక కవుల బృందమే ఇది. 'లిరికల్ బాలడ్స్' రెండో ముద్రణకు ప్రూఫులు చూడడంలో వర్డ్స్‌వర్త్ సాయం అడిగింది కూడా ఈ డేవీనే. సదీ అయితే ఈ వాయువును పొగుడుతూ తమ్ముడికి ఉత్తరం రాశాడు.

1800లో డేవీ తన పుస్తకం ప్రచురించాడు. వాయువు పీల్చినప్పుడు తన జ్ఞానదంతం నొప్పి తగ్గిందనీ, రక్తం ఎక్కువ పోని శస్త్రచికిత్సల్లో ఇది ఉపయోగపడవచ్చుననీ అందులో సూచించాడు. ఆ సూచన నాలుగు దశాబ్దాలకు పైగా పుస్తకంలోనే ఉండిపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరులో కోల్‌రిడ్జ్ భార్య సారా ఒక కొడుకును కన్నది. కవులకు ఆ సంచిలో దొరికినవి ఉల్లాసం, ఊహల విజృంభణ, అలౌకికానుభూతి. ఇవి సారస్వత చరిత్రలోకి ఎక్కాయి. నొప్పి మాట పక్కన పడింది. ఇందుకు వ్యక్తులుగా వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. ఒక సాధనం చేతికొచ్చినా, దానితో తీర్చవలసిన అవసరం కంటికి కనిపించకపోతే అది ఆటవస్తువుగానే మిగులుతుందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

నిజంగానే అది ఆటవస్తువయింది. సంతల్లో, ప్రదర్శనశాలల్లో టిక్కెట్టు పెట్టి జనానికి ఆ వాయువు పీల్పించి, వాళ్ళు తూలుతూ నవ్వుతూ ఉంటే మిగతావాళ్ళు చూసి ఆనందించేవారు. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో జరిగిన అలాంటి ప్రదర్శనలో ఒకడికి కాలికి దెబ్బ తగిలింది. అతనికి అది తెలియనే లేదు. అక్కడే కూర్చున్న హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు దీన్ని గమనించి, మర్నాడే వాయువు పీల్చి తన పన్ను పీకించుకున్నాడు. 1845లో బోస్టన్‌లో పదిమంది ముందు చేసి చూపించబోతే రోగి మూలిగాడు. చూసినవాళ్ళు వెల్స్‌ను ఎగతాళి చేశారు. 1846 అక్టోబరులో అదే నగరంలో ఈథర్ నెగ్గింది. నైట్రస్ ఆక్సైడ్ వెనకబడింది.

కాన్పు నొప్పుల మీద తొలి ప్రయోగం కూడా ఈథర్‌తోనే జరిగింది. 1847 జనవరిలో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ ఒక స్త్రీకి ఈథర్ ఇచ్చాడు. అదే ఏడు నవంబరులో క్లోరోఫారం మొదలుపెట్టాడు. వెంటనే వివాదం లేచింది. స్త్రీ వేదనతో పిల్లల్ని కనాలని బైబిలు ఆదికాండంలో దేవుడు హవ్వను శపించాడు కాబట్టి నొప్పి తగ్గించడం దైవద్రోహం అన్నవాళ్ళు ఉన్నారు. సింప్సన్ వారికి జవాబుగా ఒక కరపత్రమే రాశాడు. అయితే మతం ఒక్కటే అడ్డుపడిందనుకుంటే పొరపాటు. ఫిలడెల్ఫియాలో చార్లెస్ మెయిగ్స్ వంటి ప్రొఫెసర్లు కాన్పు నొప్పి శరీరధర్మమనీ, దాన్ని తగ్గించడం ప్రకృతి పనిలో జోక్యం చేసుకోవడమనీ వాదించారు. ఈ వాదాల నడుమ మందు మొదట ఎవరికి అందిందో చూడండి. 1847 ఏప్రిల్‌లో కవి లాంగ్‌ఫెలో భార్య ఫానీకి ఈథర్ అందింది. 1849లో డికెన్స్ పట్టుబట్టి తన భార్య కేథరిన్‌కు క్లోరోఫారం ఇప్పించాడు. 1850లో చార్లెస్ డార్విన్ తన భార్య ఎమ్మాకు స్వయంగా ఇచ్చాడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా మహారాణికి జాన్ స్నో ఇచ్చాడు. మహారాణి తీసుకున్నాక అది పెద్దింటి స్త్రీల విషయంలో పాపం కాకుండా పోయింది. మాంచెస్టర్ నూలుమిల్లు కార్మికురాలి నొప్పి మాత్రం 'ప్రకృతి ధర్మం'గానే కొనసాగింది.

*

నైట్రస్ ఆక్సైడ్‌ను కాన్పులో వాడినవాడు స్తనిస్లావ్ క్లికోవిచ్. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బోత్కిన్ క్లినిక్‌లో పనిచేసిన వైద్యుడు. 80 పాళ్ళ నైట్రస్ ఆక్సైడుకు 20 పాళ్ళ ఆక్సిజన్ కలిపి 25 మంది స్త్రీలకు ఇచ్చి, 1881లో ఫలితాలు ప్రచురించాడు. నొప్పి తగ్గింది, స్పృహ పోలేదు, గర్భాశయం పని మందగించలేదు. క్లోరోఫారంతో ఉన్న ప్రధానమైన భయాలు ఇక్కడ లేవు. కానీ పరికరం పెద్దది, వాయువు ఖరీదు. పేద స్త్రీ ఇంటికి మోసుకెళ్ళే వస్తువు కాదు.

అది మోసుకెళ్ళదగ్గ పెట్టెగా మారింది 1933లో, ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో. రాబర్ట్ మిన్నిట్ అనే మత్తువైద్యుడు నైట్రస్ ఆక్సైడునూ మామూలు గాలినీ కలిపి ఇచ్చే యంత్రం తయారుచేయించాడు. మాస్కు స్త్రీ చేతికే ఇస్తారు. నొప్పి తెర వస్తున్నదని తెలియగానే ఆమే ముఖానికి పెట్టుకుని పీలుస్తుంది. మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతటదే జారిపోతుంది, మాస్కు పక్కకు పోతుంది. ఎంత కావాలో, ఎప్పుడు కావాలో నిర్ణయించేది ఆమే. వైద్యచరిత్రలో దీని విలువ తక్కువది కాదు. అంతకుముందు మందు ఇచ్చినా స్త్రీ పడుకుని ఉండేది, ఇచ్చేవాడు నిలబడి ఉండేవాడు.

1936లో ఇంగ్లండు మంత్రసానుల బోర్డు శిక్షణ పొందిన మంత్రసాని డాక్టరు లేకుండానే ఈ యంత్రాన్ని వాడవచ్చునని అనుమతించింది. కానీ షరతులు పెట్టింది. డాక్టరు ముందుగా పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. మంత్రసాని కాక మరో మనిషి తోడుండాలి. సైకిలు మీద ఇళ్ళకు తిరిగే మంత్రసాని ఆ బరువును ఎలా మోస్తుందో మాత్రం చెప్పలేదు. 1946 మార్చిలో బ్రిటన్‌లో ఒక వారం రోజులపాటు పుట్టిన పిల్లల తల్లులందరినీ ప్రశ్నించి ఒక పెద్ద సర్వే చేశారు. ఇంట్లో పురుడు పోసుకున్నవాళ్ళలో నొప్పి తగ్గించే సాయం అందింది సుమారు ఐదో వంతు మందికి మాత్రమేనని తేలింది. యంత్రం వచ్చి పదమూడేళ్ళు, అనుమతి వచ్చి పదేళ్ళు అయినా పరిస్థితి ఇది.

ఇక్కడ మనలాంటి వాళ్ళం దాచకుండా చెప్పుకోవలసిన సంగతులు రెండున్నాయి. బ్రిటన్‌లో పేద తల్లులకు నొప్పి నివారణ కావాలని 1929లో నిధి పోగుచేసినావిడ కన్సర్వేటివ్ నాయకుడు బాల్డ్‌విన్ భార్య లూసీ. 1949లో ప్రతి తల్లికీ ఈ సౌకర్యం హక్కుగా ఉండాలని పార్లమెంటులో బిల్లు తెచ్చినవాడూ కన్సర్వేటివే. దాన్ని ఓడించింది లేబర్ ప్రభుత్వం. జాతీయ ఆరోగ్య సేవను నిర్మించిన బెవన్ అప్పుడు మంత్రి. సేవ ఎలాగూ విస్తరిస్తోంది కనుక వేరే చట్టం అక్కర్లేదన్నది ప్రభుత్వ వాదన. తర్వాతి సంవత్సరాల్లో అది విస్తరించిన మాట నిజమే. కానీ స్త్రీల బాధ తమ కార్యక్రమంలో దానంతటదే తీరిపోతుందని అభ్యుదయవాదులు అనుకోవడం అదే మొదటిసారి కాదు, చివరిసారీ కాదు.

మిన్నిట్ యంత్రంలో ఒక లోపం ఉండేది. వాయువును మామూలు గాలితో కలపడం వల్ల ఆక్సిజన్ తక్కువయ్యేది. 1961లో మైకేల్ టన్‌స్టాల్ నైట్రస్ ఆక్సైడు, ఆక్సిజన్ సగం సగం కలిపి ఒకే సిలిండర్‌లో నింపవచ్చునని చూపించాడు. అదే ఎంటొనాక్స్. 1965లో మంత్రసానులకు అనుమతి వచ్చింది. బ్రిటన్‌లో ఈ రోజు కూడా కాన్పుల్లో విరివిగా వాడేది దీన్నే. దీన్ని అద్భుతమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నొప్పిని పూర్తిగా తీసెయ్యదు. నొప్పికీ మనిషికీ మధ్య కొంత ఎడం కల్పిస్తుంది. పూర్తిగా పనిచేయడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది కాబట్టి తెర రాబోయే ముందే పీల్చడం మొదలుపెట్టాలి. కొందరికి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. బాగా చలిగా ఉన్నచోట సిలిండర్‌లో రెండు వాయువులూ విడిపోయి ప్రమాదం తెస్తాయి. గదిలో గాలి ఆడకపోతే రోజంతా అక్కడే పనిచేసే నర్సుకూ మంత్రసానికీ హాని. 2022, 2023లలో ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు ఈ కారణంగానే వాడకం తాత్కాలికంగా నిలిపివేశాయి. భూమిని వేడెక్కించడంలో ఈ వాయువు కార్బన్ డయాక్సైడుకు సుమారు 270 రెట్లు. వీటన్నిటినీ లెక్కలోకి తీసుకోవలసిందే. అయితే ఇవి సరిచేసుకోవలసిన లోపాలు. స్త్రీని అరిచేలా వదిలెయ్యడానికి సాకులు కావు.

*

ఇదంతా ఎక్కడో జరిగిన చరిత్ర, మనకేం సంబంధం అనవచ్చు. నొప్పి నివారణ శాస్త్రంలో హైదరాబాదుది ఒకప్పుడు ప్రపంచ స్థాయి పేరు. క్లోరోఫారం ఎలా ప్రాణం తీస్తుందో తేల్చడానికి 1888లోనూ 1889లోనూ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. లండన్ నుంచి నిపుణుణ్ణి రప్పించడానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చింది. వందల కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేశారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ ఆ కాలంలో హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి, ఆ ప్రయోగాల్లో పాలుపంచుకున్నారు. ఇది మనం గర్వించదగిన విషయమే. కానీ శాస్త్రం ఉన్న ఊరికీ పురుడు జరిగే గుడిసెకూ మధ్య దూరం వైద్యులు మాత్రమే దాటగలిగింది కాదు.

'నొప్పి సహజం' అన్న భావజాలం అన్ని శిబిరాల్లోనూ ఉంది. సనాతనులు పురుడు ఆడదానికి పునర్జన్మ అని చెప్పి, మాతృత్వాన్ని ఆకాశానికెత్తి, తల్లిని నేల మీద వదిలేశారు. 1951లో సోవియట్ యూనియన్ మందులు లేకుండా మానసిక శిక్షణతో నొప్పిని జయించే పద్ధతిని దేశమంతటా అమలు చేయాలని నిర్ణయించింది. అదే ఏడు దాన్ని చూసొచ్చిన ఫ్రెంచి వైద్యుడు లమాజ్ పారిస్‌లో లోహ కార్మికుల సంఘం నడిపే ప్రసూతి ఆసుపత్రిలో ప్రవేశపెట్టాడు. స్త్రీకి తన శరీరం గురించి చెప్పడం, భయం పోగొట్టడం, భర్తను లోపలికి రానివ్వడం ఆ పద్ధతిలో గొప్ప గుణాలు. కాని నొప్పి ఉండదని ముందే సిద్ధాంతీకరించిన చోట, అరిచిన స్త్రీ పరీక్ష తప్పినట్టవుతుంది. సిద్ధాంతం మనదైనంత మాత్రాన ఈ ప్రమాదం తొలగిపోదు.

*

ఇక సాహిత్యం సంగతి. హెమింగ్వే 'ఇండియన్ క్యాంప్' కథ మనలో చాలామంది చదివిందే. అమెరికా ఆదివాసుల గుడిసెలో ఒక స్త్రీ రెండు రోజులుగా నొప్పులు పడుతుంటుంది. తెల్ల డాక్టరు మత్తుమందు లేకుండా జేబుకత్తితో కడుపు కోసి బిడ్డను తీస్తాడు. ఆ కేకలు ఆపడానికి ఏమీ ఇవ్వలేవా అని అతని చిన్న కొడుకు అడిగితే, తన దగ్గర మత్తుమందు లేదనీ, అవి ముఖ్యం కావు కాబట్టి తనకు వినిపించవనీ అంటాడు. ఆ ఊరి మగవాళ్ళు అప్పటికే కేకలు వినిపించని దూరానికి వెళ్ళి కూర్చుని పొగ తాగుతుంటారు. ఆ వాక్యాల దగ్గర నా టీ కొట్టు నాకు కనిపించింది. అదే రచయిత 1929 నాటి నవల 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' చివర స్విట్జర్లాండు ఆసుపత్రిలో కేథరిన్ నొప్పులు పడుతుంటే ఆమెకు గ్యాస్ ఇస్తారు. మీటను తిప్పేది ఆమె ప్రియుడు. ఆమె ఇంకా కావాలంటుంది, అతడు ఎక్కువైతే ఏమవుతుందోనని భయపడతాడు. చివరికి గ్యాస్ పనిచేయదు, ఆమె బతకదు. ఒక కథలో మందు లేదు, నవలలో మందు ఉంది. రెండుచోట్లా అదుపు స్త్రీ చేతిలో లేదు. హెమింగ్వే దీన్ని విమర్శించాడా, చూపించి ఊరుకున్నాడా అన్నది చర్చనీయాంశం. చూపించడం మాత్రం నిశ్చయంగా చేశాడు.

మన సాహిత్యం చూపించిందా? శిష్ట కావ్యాల్లో సామాన్యంగా పుత్రజననం శుభలగ్నంతో, గ్రహస్థితితో, దేవదుందుభులతో నిండి ఉంటుంది. తల్లి నొప్పికి పద్యంలో చోటు దొరకడం అరుదు. అదే స్త్రీల రామాయణపు పాటల్లోకి వస్తే కౌసల్య మన ఇంటి ఆడమనిషిలాగే నొప్పులు పడుతుంది, పైనుంచి వేలాడదీసిన తాళ్ళు పట్టుకుని కంటుంది. దేవుణ్ణి కన్నా నొప్పి నొప్పేనని ఆ పాటలు కట్టినవాళ్ళకు తెలుసు. మనం వాటిని 'జానపదం' అనే అరలో పెట్టి, పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా చదివాం.

అభ్యుదయ సాహిత్యం ఇందులో ఏ పక్షాన నిలబడింది? బలప్రయోగాన్ని మార్క్స్ మంత్రసానితో పోల్చిన నాటినుంచీ మన ఉపన్యాసాల్లో పాత సమాజం నిండు చూలాలు, విప్లవం కాన్పు, త్యాగాలు పురిటి నొప్పులు. ఉపమానంగా అది బలమైనదే. కానీ ఉపమానం చేసే పని ఒకటుంది. నొప్పి ఫలితంతో సార్థకమవుతుంది కాబట్టి భరించి తీరాలని చెబుతుంది. ఉపమేయం గురించి మనం ఎంత ఆలోచించినా, ఉపమానం గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఆ లోటును ఎత్తిచూపింది స్త్రీవాద కవిత్వం. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత వచ్చినప్పుడు మనలో కొందరు అది కవితా వస్తువేనా అని అడిగారు. అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ గది తలుపు లోపలివైపు నుంచి ఎలా ఉంటుందో తెలిసిన గొంతు అది. బయట బెంచీ మీద కూర్చున్న విమర్శ దానికి కొలతలు తీసింది.

*

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు కడుపు కోసి చేసినవి. దేశ సగటు 21.5. ఇందుకు ప్రైవేటు ఆసుపత్రుల లాభాపేక్ష, ముహూర్తాల పిచ్చి వంటి కారణాలు చాలా చెబుతారు. నా దగ్గర చదువుకుని ఇప్పుడు తల్లులైన ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురిని అడిగాను. "ఆ గదిలో తిట్లు తింటూ అరవడం కంటే కోయించుకోవడమే నయం అనిపించింది సార్" అన్నది ఒకమ్మాయి. ఒకవైపు ఏ సాయమూ లేని నొప్పి, ఇంకోవైపు కత్తి. మధ్యలో మార్గం లేనప్పుడు దాన్ని ఆమె ఎంపిక అనగలమా? వెన్నులో ఇచ్చే ఇంజెక్షనుకు మత్తు డాక్టరు కావాలి, ఖర్చు కావాలి. సిలిండరుకూ మాస్కుకూ శిక్షణ పొందిన మంత్రసాని చాలు. 2018లో కేంద్ర ప్రభుత్వం మంత్రసాని సేవలకు మార్గదర్శకాలు ప్రకటించింది. అవి అమలై, ఆ చేతికి ఈ సిలిండరు అందితేనే పేద స్త్రీకి మధ్యమార్గం ఏర్పడుతుంది. దాన్ని అడగడం మన సంఘాల కోర్కెల పత్రాల్లో ఎక్కడా నేను చూడలేదు.

రచయితలు ఆసుపత్రులు కట్టలేరు. కానీ ఏది భరించవలసిన నొప్పి, ఏది భరించనక్కర్లేని నొప్పి అనే గీత భాషలోనే ముందు పడుతుంది. ఆ గీతను మనం ఎక్కడ గీశామో మిత్రులు చర్చించాలని కోరుతున్నాను. నాటి నా ప్రసంగాన్ని వ్యాసంగా అచ్చువేస్తామని నిర్వాహకులు రాతప్రతి అడిగారు. ప్రసవ వేదన వాక్యం కొట్టేసి పంపాను. దాని స్థానంలో ఏం రాయాలో తోచలేదు. మా ఆవిడకు ఈ వ్యాసం చదివి వినిపించాను. అంతా విని, "ఆ రోజు నువ్వెక్కడికి వెళ్ళావో నాకిప్పుడు తెలిసింది" అంది.